సరెండర్ అను మాట – మన అప్పగింత
(ధ్యానభాగములు: లూకా 14:31–33, రోమా 6:13, గలతీ 2:20)

ప్రియులారా, "నన్ను నేను ప్రభువునకు సరెండర్ చేసికొంటిని" అను సాక్ష్యము మన కూటములలో తరచుగా వినుచున్నాము. ఈ ఆంగ్లపదము ఏయే మాటలతో జతగూడునో గమనించినయెడల మన సాక్ష్యమును మనమే పరీక్షించుకొనగలము.

మొదటిది లీవు సరెండర్. మన ప్రభుత్వోద్యోగులు దీని నెరుగుదురు. వాడుకొనని ఆర్జిత సెలవును తిరిగి యిచ్చి, సొమ్ము పుచ్చుకొందురు. రెండవది సరెండర్ వాల్యూ. బీమా పాలసీని గడువునకు ముందే విడిచినవానికి ముట్టు మొత్తమిది. ఈ రెంటిలోను ఇచ్చుటకు ప్రతిగా పుచ్చుకొనుట యున్నది. కుమారునికి ఉద్యోగము దొరికినయెడల దశమభాగ మిత్తుమని మ్రొక్కునపుడు మనము చేయునది ఇదియే గదా?

మూడవది సరెండర్ టర్మ్స్, అనగా లొంగుబాటు షరతులు. నాలుగవది అన్‌కండిషనల్ సరెండర్, అనగా బేషరతుగా లొంగుట. 1862 ఫిబ్రవరిలో, అమెరికా అంతర్యుద్ధమందు, డోనెల్సన్ కోటలోని సేనాని షరతు లేమని అడిగెను. ముట్టడించిన గ్రాంటు, బేషరతుగా వెంటనే లొంగుట తప్ప వేరేమియు ఒప్పుకొననని వ్రాసి పంపెను. ఆ దినముననే కోట అతని వశమాయెను.

ప్రభువు చెప్పిన ఉపమానములోను ఒక రాజు పదివేలమందితో ఇరువదివేలమందిని ఎదిరింపజాలక, శత్రువు దూరముగా నుండగానే రాయబారము పంపును. తనకున్నదంతయు విడిచినవాడే తన శిష్యుడగునని ప్రభువు దానికి ముగింపు చెప్పెను.

అయితే కోటలోనివారు భయముచేత లొంగిరి. మనము లొంగవలసినది మనకంటె ముందుగా తన్ను తాను ఇచ్చుకొనినవానికి. యూదా ఆయనను అప్పగించెననియు, ఆయన మనకొరకు తన్ను అప్పగించుకొనెననియు మన తెలుగు బైబిలు ఒకే మాట వాడుచున్నది. గ్రీకులోను రెండు చోట్ల క్రియ ఒక్కటే. ద్రోహి ముప్పది వెండినాణెములకు అప్పగించెను. ప్రభువు ప్రేమచేత, ప్రతిఫలము లేకయే అప్పగించుకొనెను.

మన అప్పగింత వీటిలో దేనిని పోలియున్నది? ఆదివారమున సమస్తమును ప్రభువుదని పాడి, చేనిగట్టుకొరకు తమ్మునిపై వేసిన దావాకాగితములు పెట్టెలో భద్రపరచుకొన్నయెడల, అది షరతులతోడి లొంగుబాటే. ఈ మాసమందు ప్రతిదినము ఈ రెండు ప్రశ్నలు వేసికొందము: ప్రభువునకు ఏమి అప్పగించితిమి? ఏమి అట్టిపెట్టుకొంటిమి? రెండవదానికి నిజముగా జవాబు చెప్పుటకు ఆయనే మనకు ధైర్యమిచ్చును గాక. ఆమేన్.