కుట్టు, అల్లిక: మాట ఒకటి, అర్థాలు రెండు



మొన్న తెలుగు పీరియడ్‌లో వాచ్యార్థం, లక్ష్యార్థం చెప్పుకున్నాం కదా. మాటకున్న అసలర్థం వాచ్యార్థం. దాన్నుంచి ఇంకోదాని మీదికి పోయిన అర్థం లక్ష్యార్థం. ఉదాహరణకి కుట్టు. అమ్మ రవిక కుడుతుంది. అవ్వ అడ్డాకుల విస్తరి కుడుతుంది. ఇది వాచ్యార్థం. పక్కవాడికి కొత్త చొక్కా వస్తే మనకి కన్ను కుడుతుంది. అక్కడ సూదీ లేదు, దారమూ లేదు!

అల్లిక సంగతి ఇంకా తమాషా. తడిక అల్లుతాం, జడ అల్లుతాం. ఆలస్యంగా వచ్చినవాడు కారణం చెప్పబోతే "కథలల్లకురా" అంటారు. అదే పెద్దన పద్యాన్ని మెచ్చుకోవాలంటే అల్లిక బాగుందంటారు. ఒకచోట తిట్టు, ఒకచోట మెప్పు.

ఇంగ్లీషువాళ్ళు కథకి ఎంబ్రాయిడరీ చేశాడంటే, ఉన్నదానికి పూలూ తీగలూ చేర్చాడని. ఎంబ్రాయిడరీకి కింద గుడ్డ ఉండాలి. లంబాడీల అద్దాల లంగా చూడండి, ముందు గుడ్డ, దానిమీద కుట్టు. లేసుకి గుడ్డ అక్కర్లేదు. కొక్కెం సూదితో దారాన్ని ముడిలోంచి ముడి లాగుతూ పోతే దారమే గుడ్డవుతుంది. అందుకే నాకనిపిస్తుంది, నిజానికి నగిషీ పెడితే కుట్టు, లేని కథని పుట్టిస్తే అల్లిక.

ఈ లేసు మనకి దూరంది కాదు. రావులపాలెం నుంచి సిద్ధాంతం వంతెన దాటి పాలకొల్లు మీదుగా పోతే నర్సాపురం. అక్కడ దీన్ని 1844లో స్కాట్లండు మిషనరీ దంపతులు నేర్పారని చెబుతారు. పువ్వులు అల్లడం చేతిపని, వాటిని కలపడం అతుకుపని. మరియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ ఆడవాళ్ళ మీద రాసిన పుస్తకం 1982లో వచ్చింది. ఇంటిపని కాక రోజుకి ఆరు నుంచి ఎనిమిది గంటలు అల్లేవారట. సరుకు విదేశాలకి పోయేది. అయినా దాన్ని తీరికవేళ పని అనేవారు. తీరికవేళ పనికి కూలి ఎక్కువెందుకిస్తారు? రోజుకి రూపాయి కూడా గిట్టేది కాదు. ఇక్కడ మాటే కూలి కోసింది. 2024లో ఆ లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది.

అవ్వ విస్తళ్ళు కుడుతుంటే మనమూ "ఖాళీగా కూచుంది" అనే అంటాం.

ఇంకొకటి. బట్ట కుట్టడానికీ విస్తరి కుట్టడానికీ మీ ఇంటి భాషలో ఒకటే మాటా, రెండా? సెలవులకి వెళ్ళినప్పుడు అవ్వనడిగి రండి. వచ్చే సంచికలో రాద్దాం.