చెత్తబండి

ఒకప్పుడు బాగేపల్లి చుట్టుపక్కల పల్లెల్లో ఇంటి కసువంతా పెంటదిబ్బకు చేరేది. పేడ, బూడిద, ఆకులు, కూరగాయల తొక్కలు అందులో కుళ్ళి ఎరువై, ఏరువాకకు ముందే పొలానికి పోయేవి. ప్లాస్టిక్ సంచి వచ్చాక దిబ్బ చెడింది. సంచి మట్టిలో కలవదు. ఎంగిలి అంటిన సంచిని ఆవు మింగితే అది దాని కడుపులోనే నిలిచిపోతుంది.

చిక్కబళ్ళాపురం, చింతామణి వంటి పట్టణాలలో నేడు చెత్తబండి వీధికి వస్తుంది. కర్ణాటకలో అనేక గ్రామ పంచాయితీల బండ్లను మహిళా సంఘాల వారే నడుపుతున్నారు. తడిచెత్తను, పొడిచెత్తను ఇంటివారే వేరుచేసి ఇవ్వాలి. కన్నడంలో వీటిని హసికస, ఒణకస అంటారు. అన్నం, తొక్కలు, పూలు తడివి. కాగితం, సీసా, పాలసంచి పొడివి. పాలసంచిని కడిగి ఆరబెట్టాలి. పాత బ్యాటరీలను, మిగిలిన మందులను ఈ రెంటిలోనూ కలపరాదు. పెరడు ఉన్న ఇంట తడిచెత్తను బండికి ఇవ్వనక్కరలేదు. గుంతలో వేసి మట్టి కప్పితే కొన్ని నెలలకు ఎరువవుతుంది.

అన్నీ కలిపి ఇస్తే నష్టమేమి? సాంబారులో తడిసిన కాగితాన్ని ఎవరూ కొనరు. గాజుపెంకులు కలిసిన ఎరువును రైతు పొలంలో చల్లడు. అప్పుడా చెత్త ఎవరో ఒకరి ఊరిపక్కన గుట్ట కావలసిందే. బెంగళూరు చెత్త అలాగే ఏళ్ళ తరబడి నగరానికి వెలుపలి మావళ్ళిపుర, మండూరు గ్రామాల దగ్గర పేరుకుపోయింది. అక్కడ నీరు చెడింది, దుర్వాసన ఇళ్ళలోకి వచ్చింది. గ్రామస్థులు లారీలను అడ్డగించారు. 2012లో మావళ్ళిపురలో చెత్త పోయడం ఆగగానే బెంగళూరు వీధులలోనే కుప్పలు లేచాయి. ఆ ఏడాది అక్టోబరులోనే చెత్తను వేరుచేసి ఇవ్వాలని నగరపాలక సంస్థ నిబంధన పెట్టింది. మండూరుకు మాత్రం 2014 వరకు లారీలు వెళుతూనే ఉన్నాయి.