పట్టిక కాపరి

అంతర్జాలంలో ప్రతి వెబ్‌సైటుకూ ఒక పేరు ఉంటుంది. దానిని డొమైన్ పేరు అంటారు. ఆ పేరు ఎవరి ద్వారా నమోదైంది? దాని గడువు ఎప్పుడు ముగుస్తుంది? ఇటువంటి ప్రశ్నలకు సమాధానం తెచ్చిపెట్టే ఉపకరణమే 'హూఈజ్'. 'ఎవరు?' అని ప్రశ్నించడమే దాని పని. నకిలీ బ్యాంకు వెబ్‌సైటు ఏదైనా బయటపడినపుడు దర్యాప్తునకు ఇదొక ఆధారం.

1982లో హూఈజ్ నియమావళి వెలువడింది. అమెరికాలోని ఆర్పానెట్ వినియోగదారుల వివరాలు అప్పుడు ఒకే కేంద్రంలో ఉండేవి. ఎవరిని అడగాలన్న సందేహానికి తావు లేదు. కాలక్రమంలో పేర్ల చివర వచ్చే డాట్ కామ్, డాట్ ఇన్ వంటి ఒక్కొక్క విభాగానికి ఒక్కొక్క నమోదు సంస్థ ఏర్పడింది. ఏ ప్రశ్నను ఏ సర్వరుకు పంపాలో తెలుసుకొనే బాధ్యత ఉపకరణంపై పడింది.

1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్, స్వచ్ఛంద సేవకులు నిర్వహించే సాఫ్ట్‌వేర్ సంకలనం. అందులోని ప్రతి ప్యాకేజీకీ నిర్వాహకుడో, నిర్వాహక బృందమో ఉంటుంది. 1999 నుండి వస్తున్న దాని హూఈజ్ ఉపకరణంలో, ఏ విభాగానికి ఏ సర్వరో తెలిపే పట్టిక ఇమిడి ఉంది. కాపాడవలసినది ముఖ్యంగా ఆ పట్టికనే. 2013 నుండి వందల కొద్దీ కొత్త విభాగాలు పుట్టుకొచ్చాయి. నిర్వహణ సంస్థలు మారినపుడు సర్వర్ల చిరునామాలూ మారవచ్చు. తెలుగు లిపిలోని 'డాట్ భారత్' వంటి పేర్లను యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మార్చి పంపాలి.

ఈ పని ఆగితే ఏమవుతుందో 2024లో లోకానికి తెలిసింది. డాట్ మొబి విభాగపు సర్వరు అంతకు ముందే కొత్త చిరునామాకు మారింది. పాత చిరునామాకు చెందిన డొమైన్ గడువు తీరగా, వాచ్‌టవర్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు దానిని 20 డాలర్లకు కొన్నారు. కొద్ది రోజులలోనే 1,35,000కు పైగా యంత్రాలు ఆ పాత చిరునామాను ప్రశ్నించాయి. వాటిలో వెబ్‌సైట్లకు భద్రతా ధ్రువపత్రాలు ఇచ్చే సంస్థల యంత్రాలు కూడా ఉన్నాయి. ఆ చిరునామా దుర్మార్గుల చేతిలో పడి ఉంటే, తప్పుడు సమాధానాలతో ఇతరుల వెబ్‌సైట్ల పేరిట ధ్రువపత్రాలు పొందగలిగేవారు. పట్టికలో ఒక్క పాత పంక్తి మిగిలినా ఎంతటి అనర్థమో దీనివలన బోధపడుతుంది.

డెబియన్ స్థిర సంచికను తరచుగా మార్చరు. స్థిరత్వమే దాని గుణం. అయితే లోకం మారుతున్నపుడు మారని పట్టిక అసత్యమవుతుంది. ఈ రెంటి నడుమ సమతూకం పాటించడమే నిర్వాహకుని వివేకం.

2018లో ఐరోపా గోప్యతా చట్టం అమలులోకి వచ్చిన తరువాత వ్యక్తుల వివరాలు చాలావరకు మరుగున పడ్డాయి. 2025 జనవరి 28 నుండి డాట్ కామ్ వంటి సాధారణ విభాగాలకు హూఈజ్ సేవ తప్పనిసరి కాదు. 'ఆర్‌డాప్' అనే నూతన విధానం ఆ స్థానంలోకి వచ్చింది. కనుక పట్టికలో చేర్చడమే గాక తొలగించడమూ నిర్వాహకుని విధి అయింది.

చెరువు తవ్వించినవాని పేరు శాసనంలో నిలుస్తుంది. ఏటేటా పూడిక తీసి, గట్టు కాపాడేవాని పేరు ఎవరూ చెక్కరు. అయినా పొలానికి నీరు పారేది అతని శ్రమ వలననే.

ప్రశ్నలు
1. హూఈజ్ ఉపకరణానికి పట్టిక ఎందుకు అవసరమైంది?
2. డాట్ మొబి ఉదంతం బోధించే పాఠమేమి?
3. 'నిర్మాణం కంటె నిర్వహణ కష్టతరం' – పాఠం ఆధారంగా చర్చించండి.