మదనపల్లెలో ఠాగూర్, యుద్ధభూమి నుంచి ఉత్తరాలు

పుంగనూరు, కుప్పంలో పరీక్షలకు చదివే అభ్యర్థులకు కంఠస్థమైన జవాబిది: 1919 ఫిబ్రవరిలో మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో ఠాగూర్ ‘జనగణమన’ను ఇంగ్లీషులోకి అనువదించారు, బాణీకి స్వరలిపి కూర్చింది మార్గరెట్ కజిన్స్. అంతకు కొన్ని నెలల ముందరి సంగతి మాత్రం గైడ్లలో దొరకదు.

ఇంగ్లీషు కవి విల్‌ఫ్రెడ్ ఓవెన్ 1918 నవంబర్ 4న ఫ్రాన్స్‌లో మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయాడు. ఆ కబురు మోసిన టెలిగ్రాం ఇంటికి చేరింది నవంబర్ 11న, సరిగ్గా యుద్ధం ముగిసిన రోజున. చివరిసారి ఇల్లు విడిచేటప్పుడు కొడుకు తనకు వినిపించినవి ‘గీతాంజలి’ మాటలేనని తల్లి 1920లో ఠాగూర్‌కే రాసింది.

ఓవెన్ ‘ది లెటర్’ కవితలో సిపాయి భార్యకు ధైర్యం చెబుతూ ఉత్తరం రాస్తుంటాడు, మధ్యమధ్య పక్కవాళ్లను కసురుకుంటాడు. ఉత్తరం ముగిసేలోపే దెబ్బ తగులుతుంది. భార్య చదివేది ఒకటి, మనం చూసేది మరొకటి. పరీక్షలో అడిగే వ్యంగ్యం ఇదే. మరో యుద్ధకవి ససూన్ ‘ది హీరో’లోనైతే, చనిపోయిన సిపాయి తల్లికి అందమైన అబద్ధం చెప్పేది అధికారి.

ఆ యుద్ధంలో పోరాడిన మన సిపాయిల ఉత్తరాలకు సెన్సారు ఉండేది. అందుకే వాటిలో నల్ల మిరియాలంటే భారతీయులు, ఎర్ర మిరపకాయలంటే తెల్లవాళ్లు! నన్నడిగితే ఇది ఏ కవితకూ తీసిపోదు. సెన్సారువాళ్లు ఆ గుట్టు పట్టేశారనుకోండి.