పరంజా ఎక్కే ముందు

మిరప కోతలు అయ్యాక మన సత్తెనపల్లి చుట్టుపక్కల కూలీలు కొందరు తాపీ పనికి వెళ్తారు. పని కొత్త, ఎండ ఎక్కువ, పైగా ఎత్తు. ఈ మూడూ కలిస్తే ప్రమాదం దగ్గరవుతుంది.

మేస్త్రిగారూ! ప్రతి ఉదయం పరంజా కట్లు, చెక్కలు పరీక్షించండి. కొత్తవారిని వెంటనే పైకి పంపకండి. హెల్మెట్ పట్టీ బిగించుకోమనండి. దాహం వేయకముందే నీళ్లు తాగించండి. కళ్లు తిరుగుతున్నాయంటే నీడకు దించండి. ఇనుప చువ్వలు ఎత్తేటప్పుడు కరెంటు తీగలు గమనించండి.

ఎవరైనా పడితే కాళ్లూ చేతులూ పట్టి ఆటోలో వేయకండి. వెన్నెముక విరిగి ఉంటే ఆ కదలికకే వెన్నుపాము దెబ్బతిని కాళ్లు శాశ్వతంగా చచ్చుబడవచ్చు. తొందరలో చేసిన మేలు కీడైన సంగతి మేము వార్డులో చూశాము. మెడ, నడుము కదలనివ్వకుండా 108కి ఫోన్ చేయండి.

ఒక పూట పని ఆగినా ఫరవాలేదు, మనిషి క్షేమంగా ఇంటికి చేరాలి.