పేరు మారిస్తే ఫొటో దొరుకుతుంది

ప్రశ్న: డిజిటల్ లైబ్రరీల్లో మా కోయల పాత ఫొటోల కోసం 'ములకలపల్లి' అని వెతికితే ఏమీ రావడం లేదు. ఎలా వెతకాలి?
– ఓ పాఠకురాలు, ములకలపల్లి

జవాబు: ముందు ఊరి పేరు పక్కన పెట్టండమ్మా. ఆ ఫొటో వివరాలు రాసినవాళ్లు ఏ మాట వాడి ఉంటారో ఆ మాటతో వెతకాలి. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడక ముందు మీ ప్రాంతం వరంగల్ జిల్లాలో ఉండేది. భద్రాచలమేమో 1959 దాకా తూర్పు గోదావరిది. అందుకే 'వరంగల్', 'హైదరాబాద్ స్టేట్' అని, భద్రాచలం వైపు ఫొటోలకైతే 'ఈస్ట్ గోదావరి' అని ఇంగ్లిషులో కొట్టి చూడండి. స్పెల్లింగులూ మార్చాలి: పాల్వంచను పాత కాగితాల్లో 'పలోంచ' అన్నారు, కోయలను 'కోయి' అన్నారు, భద్రాచలంలో 'ఎల్' రెండుసార్లు వేశారు. లండన్‌లోని సోయాస్ విశ్వవిద్యాలయం డిజిటల్ సేకరణల్లో మానవ శాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ తీసిన గిరిజనుల ఫొటోలు బోలెడున్నాయి, తప్పక చూడండి. అక్కడ ముందు ఆయన పేరుతో వెతికి, తర్వాత 'కోయ', 'రెడ్డి' (అంటే కొండరెడ్లు) అని వడపోయండి. ఒక ఫొటో దొరికితే దాని కింద రాసిన మాటలన్నీ నోట్ చేసుకుని, వాటితోనే మళ్లీ వెతకండి.