ముహూర్తాలు చూసి రూం తీసుకో

భీమిలి

చి.ల.సౌ. అమ్మలుకి మావయ్య ఆశీస్సులు.

నీ మెసేజీ చూశాను. వైజాగ్ బీచ్ రోడ్డులో హోటల్ వద్దు, ఊరి గోలకి దూరంగా సముద్రం ఒడ్డునే నాలుగు రోజులు ఉంటాం, మంచి రిసార్టు పేరు చెప్పమన్నావు. పేరు మాత్రం చెప్పను. మేనేజరు మారితే రిసార్టు మారిపోతుంది. ఈ ఏడు బాగుందన్నది వచ్చే ఏడు ఎలా ఉంటుందో నేనెలా పూచీ పడను? ఎలా వెతుక్కోవాలో మాత్రం చెబుతాను. పోర్టులో ఉద్యోగం చేసి, రిటైరయ్యాక ఇక్కడే ఇల్లు కట్టుకున్న వాణ్ణి కదా, ఆ మాత్రం చెప్పగలను.

ఆర్కే బీచ్ వద్దనుకోవడం సబబే. కురుసుర జలాంతర్గామి 2002 నుంచి అక్కడే ఉంది, దాని దగ్గర్లోనే టీయూ-142 విమానం కూడా పెట్టారు. బుడ్డోడికి రెండూ చూపించు. దానికి ఒక పూట చాలు, ఆ పైన మురీ మిక్చర్ తిని వచ్చెయ్యండి. రుషికొండకి 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు వచ్చింది, దాంతోపాటు జనమూ వచ్చారు. అది దాటి మంగమారిపేట, ఎర్రమట్టి దిబ్బలు, మా భీమిలి, ఇంకా పైకి భోగాపురం మండలంలో ముక్కాం, చేపల కంచేరు వైపు వస్తే రోడ్డు పక్కన జనం పలచబడతారు. అక్కడ ఎయిర్‌పోర్టు మాట మొదలైన దగ్గర్నుంచీ ప్లాట్ల బోర్డులు మాత్రం ఎక్కడా పలచబడలేదు.

దూరంగా ఉన్న రిసార్టు కాబట్టి ప్రశాంతంగా ఉంటుందని మాత్రం అనుకోకు. ఇప్పుడు పెళ్ళిళ్ళు చేసేది అలాంటి చోట్లే. నువ్వు గది తీసుకున్న రోజే కింద లాన్‌లో సంగీత్ పెట్టారనుకో, కెరటం చప్పుడు వినడానికి వచ్చి తీన్మార్ విని వెళ్తావు. రాత్రి పది దాటితే ఆరుబయట మైకు పెట్టకూడదని 2000 సంవత్సరం నుంచీ నిబంధన ఉంది. కానీ ఆ పదింటి దాకా మీ అత్తగారి గుండె ఏమైపోవాలి? అందుకని రేటు అడిగే ముందు గోడ మీది క్యాలెండర్ చూడు. ముహూర్తాలు ఉన్న రోజులు వదిలెయ్. ఇది నేను వేళాకోళానికి అంటున్న మాట కాదు. ఆషాఢంలో, భాద్రపదంలో, పుష్యంలో మనవాళ్ళు పెళ్ళిళ్ళు పెట్టుకోరు. మూఢం వస్తే మరీ మంచిది. వీటిలో ఆషాఢ, భాద్రపదాల్లో వానలు, సముద్రం కూడా నెమ్మదిగా ఉండదు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపాన్ల కాలం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ ఈ ఒడ్డుని ఏం చేసిందో చూసిన వాళ్ళెవరూ ఆ నెలలో ముందే డబ్బు కట్టి గది తీసుకోరు. కార్తీకంలో వనభోజనాల బస్సులు. ఇక మిగిలింది పుష్యం. సంక్రాంతి నాలుగు రోజులూ తీసేసి, సోమవారం దిగి శుక్రవారం పొద్దున్నే ఖాళీ చేసేలా పెట్టుకో. బుడ్డోడికి ఇంకా బడి లేదు, అల్లుడుగారు ఎలాగూ ఇంట్లోంచే పని చేస్తున్నారు. శని, ఆదివారాల రేటులో సగానికి గది దొరికినా దొరుకుతుంది, అడగడంలో తప్పులేదు.

గది ఖాయం చేసే ముందు ఫోన్లో అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. యాప్‌లో ఫొటోలు చూసి డబ్బు కట్టకు. "ఆ తేదీల్లో ఫంక్షన్ ఏమైనా బుక్ అయిందా?" అని సూటిగా అడుగు. నసిగితే అయినట్టే. జనరేటర్ ఏ పక్కన ఉందో అడుగు, ఈ ఉప్పుగాలికి కరెంటు తీగల పని ఎప్పుడూ ఉంటుంది. కుళాయిలో వచ్చేది బోరు నీళ్ళా, ట్యాంకరు నీళ్ళా అని అడుగు. బోరు ఉప్పగా ఉంటే సబ్బు నురగ రాదు, తల అట్ట కట్టిపోతుంది. "సీ వ్యూ" అంటే బాల్కనీలోంచి మెడ బయటికి పెట్టి చూస్తే కనిపించే సముద్రం కూడా అయ్యుండొచ్చు. అందుకని వాకిట్లోంచి ఇసక దాకా ఎన్ని అడుగులని అడుగు. మీ అత్తగారి మోకాళ్ళ కోసం కింది అంతస్తే తీసుకో, మెట్లు లేకుండా ఇసకలోకి దారి ఉందో లేదో కనుక్కో.

"మాది ప్రైవేట్ బీచ్ మేడమ్" అని గొప్పగా చెబుతారు. నమ్మకు. మన దేశంలో ఒడ్డు ఏ హోటలుదీ కాదు. కోస్తా నిబంధనల ప్రకారం జనం ఒడ్డుకు వెళ్ళే దారిని రిసార్టు అడ్డుకోకూడదు. రెండు రిసార్టుల మధ్య కనీసం 20 మీటర్ల దారి వదలాలని 2011 నోటిఫికేషన్‌లోనే రాశారు. తెల్లారగట్ల మీ గది ముందునుంచి పల్లెవాళ్ళు వల మోసుకుంటూ పోతుంటే సెక్యూరిటీని పిలిచి, వీళ్ళెవరని అడిగే వాళ్ళని నేను చూశాను. నువ్వు అలా అడగవనే నా నమ్మకం. అదీ కాక, నీకు కావలసిన ఆ ప్రశాంతత అక్కడ మిగిలిందే పల్లె ఉండబట్టి. పల్లె లేచిపోయిన చోట గేటెడ్ విల్లాలు లేచాయి.

పల్లెవాళ్ళ దగ్గర ఎలా మసలుకోవాలో కూడా చెబుతాను. ఇసకలో ఆరేసిన వలని దాటకు, చుట్టూ తిరిగి వెళ్ళు. చెప్పులతో తెప్ప ఎక్కకూడదు. వాళ్ళకది దేవుడి గదితో సమానం, ఫొటో కోసమని బుడ్డోణ్ణి ఎక్కించకు. ఒడ్డున ఎండుచేపల వాసన వస్తుంది, రిసెప్షన్‌కి ఫోన్ చేసి స్ప్రే కొట్టమనకు. పొద్దున్న పడవలు ఒడ్డుకు చేరగానే వెళితే వంజరం, కానాగడతలు, అదృష్టం ఉంటే చందువా దొరుకుతాయి. కళ్ళు తేటగా ఉన్నాయా, మొప్ప ఎత్తితే లోపల ఎర్రగా ఉందా చూసుకో. బేరం ఆడొచ్చు, ఆడకపోతే నవ్వుతారు కూడా. వండమంటే రిసార్టు వంటవాళ్ళు కాస్త డబ్బు తీసుకుని వండి పెడతారు. అడగనిదే మాత్రం ఆ మాట వాళ్ళు చెప్పరు. ఒకటి గుర్తుంచుకో: ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఈ తీరంలో మరబోట్ల వేట నిషేధం. ఆ రోజుల్లో "ఫ్రెష్ క్యాచ్" అని మెనూలో పెద్ద చేప కనబడితే, ఎక్కడిదని అడిగి మరీ తిను.

ఇక సముద్రం సంగతి. ఇది మాత్రం రెండుసార్లు చదివి, అల్లుడుగారి చేత కూడా చదివించు. ఆయనకి ఈత వచ్చని తెలుసు, అందుకే నా భయం. స్విమ్మింగ్ పూల్‌లో నేర్చుకున్న ఈత ఇక్కడ ఆట్టే అక్కరకు రాదు. ఒడ్డున నిలబడి ఓ పావుగంట నీళ్ళని చూడండి. రెండు పక్కలా కెరటాలు తెల్లగా విరుగుతూ, మధ్యలో ఒక పాయ మాత్రం నున్నగా, కాస్త ముదురు రంగులో కనిపిస్తుంది. కొత్తవాళ్ళు అక్కడ అల లేదు కదా, భద్రమని సరిగ్గా అందులోకే దిగుతారు. ఒడ్డుకు వచ్చిపడ్డ నీళ్ళన్నీ లోపలికి తిరిగి పోయే దారి అదే. నడుములోతు నీళ్ళలో కూడా కాళ్ళ కింద ఇసక లాగేస్తుంది. ఒకవేళ చిక్కుకుంటే ఒడ్డుకేసి ఎదురీదకూడదు, అలిసిపోయాక మనిషి దక్కడు. ఒడ్డు వెంబడే పక్కకి ఈది, ఆ పాయ దాటి, అలలు విరిగే చోటికి వచ్చాక ఒడ్డుకు తిరగాలి. ఈదలేకపోతే వెల్లకిలా తేలి చెయ్యి ఊపాలి. భీమిలిలో గోస్తని సముద్రంలో కలిసే మొగ దగ్గర అసలు దిగవద్దు. జాలర్ల పిల్లలు మునగని చోట మీరూ మునగవద్దు, నాకు తెలిసి ఇంతకంటే మంచి కొలత లేదు. మీ హైదరాబాదులోనే ఉన్న ఇన్‌కాయిస్ వాళ్ళు దేశం మొత్తానికీ ఎత్తైన అలల హెచ్చరికలు ఇస్తుంటారు. బయల్దేరే ముందు రోజు ఓసారి చూసుకోండి.

జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్ళు ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఇదే ఒడ్డుకు వస్తాయి. మీరు వచ్చేసరికి మొదలై ఉండొచ్చు. కనిపిస్తే టార్చి వెయ్యకండి, ముందుకి వెళ్ళి నిలబడకండి. గుడ్డు పగిలి బయటికొచ్చిన పిల్లలు వెలుతురున్న వైపుకి పాకుతాయి. సముద్రం మీది వెలుగు చూసి పోవలసినవి రిసార్టు లైట్లు చూసి రోడ్డెక్కుతాయి. గది బయటి లైటు రాత్రి ఆర్పెయ్యమని కుర్రాళ్ళకి చెబితే కాదనరు.

నాలుగు రోజులూ ఇసకలో కూర్చుంటే మీ అత్తగారికి విసుగొస్తుంది. ఒక పొద్దున్న తొట్లకొండ ఎక్కించు, కారు పైదాకా వెళుతుంది. 1976లో నేవీ వాళ్ళు సర్వే చేస్తుంటే బయటపడ్డ బౌద్ధారామం అది. ఆ గట్టు మీంచి చూస్తే సముద్రం ఎంత పొడుగో తెలుస్తుంది. ఇంకో సాయంత్రం భీమిలిలో డచ్చి వాళ్ళ సమాధులు, గోస్తని మొగ. బొర్రా గుహల దగ్గర మీరు చూసిన నది ఇదేనని బుడ్డోడికి చెప్పు. ఎర్రమట్టి దిబ్బల్ని 2014లో జాతీయ భూవారసత్వ స్థలంగా ప్రకటించారు. అక్కడ గట్లెక్కి జారవద్దు, అవి వట్టి ఇసకే, మన కాళ్ళకే కరిగిపోతాయి.

చీకటి పడ్డాక అటు వైపు క్యాబులు రావడం కష్టం. బుక్ అయినా డ్రైవర్లు తిరుగుప్రయాణం ఖాళీగా వెళ్ళాలని క్యాన్సిల్ చేసేస్తారు. రానూపోనూ మాట్లాడుకున్న కారు ఒకటి చూసి పెడతాను. మీ అత్తగారి బీపీ మాత్రలు రెండు రోజులు ఎక్కువే పెట్టుకో, రిసార్టు పక్కన మందుల షాపు ఉండదు. వెండి వస్తువులు తేవద్దు, గాలికి నల్లబడతాయి. రిసార్టు వాళ్ళు ఫోన్లో ఏమన్నారో నాకు చెప్పు, అడ్వాన్సు ఆ తర్వాతే పంపు. మీ అత్తయ్య అడగమంది: బుధవారం మధ్యాహ్నం భోజనానికి మా ఇంటికి వస్తారా, గురువారం వస్తారా? పీతలు ముందుగా చెప్పి ఉంచాలిట.

ఇట్లు,
మావయ్య